పేరు తెలియని జీవికి చోటు

జంతుశాస్త్రం లాబ్‌లోకి ఆమె మొదటిసారి అడుగుపెట్టినప్పుడు పిల్లలంతా బల్లల దగ్గర్నుంచి లేచి నిలబడ్డారు. కొత్త లెక్చరర్ వచ్చిందనుకున్నారు పాపం. ఆమె కంగారుపడి, ఎవరి కోసం లేచారో చూద్దామని వెనక్కి తిరిగింది. వెనక తలుపు తప్ప ఎవరూ లేరు.

"కూర్చోండమ్మా, నేనూ మీలాగే ప్రాక్టికల్స్‌కి వచ్చాను," అంది.

కిటికీ పక్కన ఉన్న అమ్మాయి ఆమెని ఎగాదిగా చూసి, "మీరు ఏ ఇయరండీ?" అని అడిగింది.

"నేనా? మీకు ఇరవై ఏళ్ళ సీనియర్ని."

అంతే. ఆ సాయంత్రానికల్లా ఆమె కాలేజీ మొత్తానికీ సీనియరమ్మ అయిపోయింది. అసలు పేరు హాజరు పట్టీలో భద్రంగా ఉండిపోయింది గానీ, ఆ పేరుతో పిలిచినవాడు లేడు. మనమూ సీనియరమ్మ అనే అనుకుందాం.

నలభై దాటిన మనిషి, ఇంట్లో అత్తగారినీ మొగుడినీ పెట్టుకుని, తనకంటే చిన్నదైన మేడం ముందు తెల్లకోటు తొడుక్కుని నిలబడటానికి కారణం ఒకటే: ఐదో తరగతి. సీనియరమ్మ ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో పని చేస్తుంది. ఆమె ఉద్యోగానికి సరైన పేరంటూ లేదు. లెక్కల సారుకి జ్వరమొస్తే లెక్కల క్లాసుకి వెళ్తుంది, డ్రాయింగ్ టీచరు ఆలస్యమైతే బొమ్మలు వేయిస్తుంది. ఎవరు రాకపోతే వాళ్ళ బదులు. పిల్లల హాజరు తీసుకుంటుంది గానీ స్టాఫ్ రూములో ఆమెకి సొంత కుర్చీ లేదు. ఎవరు సెలవు పెడితే వాళ్ళ కుర్చీలో కూర్చుంటుంది.

రెండేళ్ళ కింద ఐదో తరగతి సైన్సు టీచరు పురిటి సెలవు మీద వెళ్ళి, ఉద్యోగానికే సెలవు చెప్పేసింది. అప్పటినుంచి ఆ క్లాసు సీనియరమ్మే చూస్తోంది. చూస్తోందనడం చాలా చిన్నమాట. ఆ పిల్లలంటే ఆమెకి ప్రాణం. బీన్స్ గింజ మొలకెత్తడం చూడటానికి వాళ్ళు కిటికీ దగ్గర ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతుంటే, తన జీవితంలో ఇంతకంటే కావలసిందేమీ లేదనిపించేది. కానీ టైంటేబుల్ మీద ఇప్పటికీ ఆ వెళ్ళిపోయిన టీచరు పేరే ఉంది.

కొత్తగా వచ్చిన హెడ్‌మిస్ట్రెస్ చెడ్డ మనిషేం కాదు. పిలిచి, కూర్చోబెట్టి, టీ ఇప్పించి మరీ చెప్పింది.

"మీరు బాగా చెబుతారని నాకు తెలుసండీ. కానీ డిగ్రీ లేనివాళ్ళకి క్లాసు ఇవ్వకూడదని రూలొచ్చింది. ఏడాది చివరికల్లా మీ డిగ్రీ పూర్తయితే ఐదో తరగతి సైన్సు మీదే, పర్మనెంటు. లేదంటే ఫీజుల కౌంటర్లో కూర్చోవాలి. నా చేతుల్లో ఏమీ లేదు."

టీ చల్లారిపోయింది. సీనియరమ్మ డిగ్రీ మొత్తానికి ఒకే ఒక్క చోట ఆగిపోయి ఉంది. అన్ని పేపర్లూ ఎప్పుడో పాసయింది. మిగిలింది జంతుశాస్త్రం ప్రాక్టికల్. అది ఆమె తప్పిన తీరు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చెవులు వేడెక్కుతాయి.

ఆ లాబ్‌లో తరతరాలుగా ఒక విద్య నడుస్తోంది. పరీక్ష రోజున బల్లల మీద వరసగా జంతువుల సీసాలు పెడతారు. వాటిని స్పాటర్లు అంటారు. విద్యార్థి ఒక్కోదాని ముందు నిలబడి, అదేమిటో, ఏ వర్గానిదో, ఏ లక్షణాలు చూసి అలా అంటున్నాడో రాయాలి. బెల్లు కొట్టగానే పక్క సీసా దగ్గరికి జరగాలి. ఇబ్బందేమిటంటే, సీసాలో పోసే ఫార్మలిన్ జంతువుని కుళ్ళకుండా కాపాడుతుంది గానీ దాని రంగుని బతకనివ్వదు. చారలు, చుక్కలు, ఎరుపులు, పసుపులు అన్నీ కరిగిపోయి, కొన్నేళ్ళకి అలమరలో ఉన్న జీవులన్నీ ఉడకబెట్టిన బంగాళదుంప రంగుకొస్తాయి. వాటిని గుర్తుపట్టడం కష్టం. సీసాని గుర్తుపట్టడం తేలిక. మూత అంచు విరిగిన సీసాలో ఉన్నది సముద్ర దోసకాయ. నీళ్ళు పచ్చబడిన దాంట్లో జలగ. మెడ దగ్గర ఎర్ర లక్క కారిన దాంట్లో స్పంజిక. ఈ రహస్యాలు పైతరగతివాళ్ళు కిందితరగతివాళ్ళకి చెవిలో ఊది వెళ్తుంటారు. జంతువు మొహం చూడకుండానే జంతుశాస్త్రంలో గట్టెక్కినవాళ్ళు ఆ ఊళ్ళో బోలెడుమంది.

పడుచు వయసులో సీనియరమ్మ ఆ విద్యలో అందరికంటే దిట్ట. అలమర మొత్తం కళ్ళు మూసుకుని అప్పజెప్పేది. సరిగ్గా ఆ ఏడాది సెలవుల్లో లాబ్‌కి కొత్త సీసాలు వచ్చాయి. అన్నీ ఒకే సైజు, ఒకే మూత, అద్దంలా మెరిసే గాజు. మిగతావాళ్ళు కాస్తో కూస్తో చదివి ఉన్నారు కాబట్టి ఈదుకుంటూ బయటపడ్డారు. ఆమెకి మాత్రం కాళ్ళూ చేతులూ ఆడలేదు. స్పంజికని సముద్ర దోసకాయ అని రాసింది. మూరెడు పొడుగున్న సముద్ర దోసకాయని జలగ అని రాసింది. పరీక్ష చెయ్యడానికి బయటి కాలేజీ నుంచి వచ్చిన ఆనాటి ఎక్స్‌టర్నల్ ఆ కాగితం చూసి, "ఇంతలేసి జలగలుంటే ఊళ్ళో మనుషులు మిగలరమ్మా," అన్నాడు. హాలంతా పకపక నవ్వింది. తర్వాత పెళ్ళయింది, కాపురం, స్కూలు, రోజులు. ఆ లాబ్ వైపు ఆమె మళ్ళీ కన్నెత్తి చూడలేదు.

ఇప్పుడు యూనివర్సిటీవాళ్ళు పాత బకాయి సబ్జెక్టులున్నవాళ్ళకి ఆఖరి అవకాశం ఇచ్చారు. ఒక్కసారి. తప్పితే ఇక అంతే సంగతులు.

లాబ్‌లో చేరిన రెండో వారమే కిటికీ పక్కమ్మాయి ఆమె పక్కన చేరి గుసగుసగా మొదలుపెట్టింది.

"సీనియరమ్మగారూ, ఎందుకండీ అంత లావు పుస్తకం మోస్తారు? నేను చెబుతా వినండి. టేపు చుట్టిన సీసా సముద్ర దోసకాయ. మూత తుప్పు పట్టింది స్పంజిక. పదిహేను నిమిషాల్లో అయిపోతుంది."

సీనియరమ్మకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సీసాలు మారాయి గానీ విద్య మారలేదు. వినకూడదనుకుంటూనే రెండు చెవులూ రిక్కించి కాసేపు వింది కూడా. ఆశ అలాంటిది. తర్వాత తల విదిలించుకుని, "వద్దులేమ్మా, ఆ దారిలో నేను ఒకసారి వెళ్ళొచ్చాను. అవతల గొయ్యి ఉంది," అని చెప్పి, చేతిలో భూతద్దం పట్టుకుని అలమర దగ్గరికి పోయింది.

వెళ్ళిందన్న మాటే గానీ, మూడు రోజులు చూసినా బంగాళదుంపలు బంగాళదుంపల్లాగే ఉన్నాయి. లాబ్ మేడం అదంతా గమనిస్తూనే ఉంది. ఒక మధ్యాహ్నం వచ్చి పక్క స్టూలు మీద కూర్చుంది.

"మీరు పేరు కోసం వెతుకుతున్నారు," అంది. "పేరు ఆఖర్న వస్తుందండీ. ముందు దాన్ని పెద్ద ప్రశ్నలు అడగండి. నీకు వెన్నెముక ఉందా? లేదూ, సరే. నీ ఒంటిని నిలువునా కోస్తే రెండు సమానమైన సగాలొస్తాయా, లేక నువ్వు చక్రంలా ఉన్నావా? ఒంటి మీద ఉంగరాల్లాంటి కట్లున్నాయా? కాళ్ళున్నాయా? ఉంటే వాటికి కీళ్ళున్నాయా? అది ఒక్కో జవాబూ చెబుతున్నకొద్దీ ఒక్కో గది తలుపు మూసుకుంటూ పోతుంది. చివరికి ఒక గదే మిగులుతుంది."

ఆ రోజు సీనియరమ్మ సముద్ర దోసకాయని ప్రశ్నలు అడిగింది. పేరుకి దోసకాయ, చూడటానికి పురుగు. కానీ భూతద్దం పెట్టి చూస్తే ఒంటి పొడుగునా సన్నటి గొట్టాల్లాంటి పాదాలు వరసలుగా ఉన్నాయి. వరసలు ఎన్నున్నాయో లెక్కపెట్టింది. ఐదు. పక్క సీసాలో నక్షత్ర చేప ఐదు చేతులు చాచుకుని ఉంది, దాని చేతుల అడుగునా అవే గొట్టాల పాదాలు. ఆమె ఒక సీసా నుంచి ఇంకో సీసాకి, మళ్ళీ మొదటి సీసాకి చూసింది. ఈ లావుపాటి దోసకాయా ఆ నక్షత్రమూ అన్నదమ్ముల బిడ్డలు. ఇన్నేళ్ళూ పక్కపక్కనే ఉన్నాయి, ఎవరూ వాటి చుట్టరికం కనిపెట్టమని అడగలేదు, ఆమె కనిపెట్టలేదు. జీవితంలో మొదటిసారి ఆ లాబ్‌లో ఆమెకి సంతోషం కలిగింది.

ఇక ఇంట్లో మొదలైంది అసలు పరీక్ష. అత్తగారు చేతి గ్లవ్స్ తయారుచేసే ఫ్యాక్టరీలో కుట్టుపని చేసి రిటైరైన మనిషి. ఏ మాటనైనా తిరగేసి లోపలి కుట్టు చూడనిదే నమ్మదు. కోడలు వంటింట్లో కూర్చుని చదువుతుంటే, ఎదురుగా బఠానీలు ఒలుస్తూ అడ్డుపడేది.

"గబ్బిలం పక్షి కాదంటావేమిటే? ఎగురుతుంది కదా."

"ఎగిరితే పక్షి అయిపోదత్తయ్యా. ఈకలుండాలి. గబ్బిలానికి ఉన్నవి వెంట్రుకలు. నోట్లో పళ్ళున్నాయి. పిల్లలకి పాలిస్తుంది."

"మరి ఆ రెక్కలో?"

"అవి చేతులే. వేళ్ళు బారెడు పొడుగు సాగి, వాటి మధ్య చర్మం పరుచుకుంది."

అత్తగారు బఠానీలు వదిలేసి తన చెయ్యి చాచి, వేళ్ళు విడదీసి చూసుకుంది. "అంటే వేళ్ళ సందులు కత్తిరించకుండా వదిలేసిన గ్లవ్ అన్నమాట," అని ఒప్పుకుంది. ఒప్పుకోవడం అంటే ఆ ఒక్క విషయానికే. మర్నాడు తిమింగలం మీద పడింది.

"నీళ్ళల్లో ఉంటుంది, చేపలా ఉంటుంది, చేపలా ఈదుతుంది. చేప కాదనడానికి నువ్వెవరివి?"

"చేపలా ఈదదు. చేప తోకని పక్కలకి ఆడిస్తుంది, తిమింగలం పైకీ కిందికీ ఆడిస్తుంది. గాలి పీల్చుకోవడానికి పైకొస్తుంది. అదీ పిల్లకి పాలిస్తుంది."

"సముద్రంలోనా? ఉప్పగా ఉండవూ?"

సీనియరమ్మ తల ప్రాణం తోకకొచ్చేది. ఒక్కో ప్రశ్నకి జవాబు చెప్పడానికి పుస్తకంలో పది పేజీలు తిరగెయ్యాల్సి వచ్చేది. పోనీ అని వదిలేస్తే అత్తగారు వదిలేది కాదు. "నువ్వు చెప్పేదాకా ఈ సాలీడు నా లెక్కలో పురుగే," అని భీష్మించుకుని కూర్చునేది. ఎనిమిది కాళ్ళు, రెండే భాగాల ఒళ్ళు, తల మీద మీసాల్లాంటి స్పర్శకాలు లేవు, అందుకని కీటకం కాదు అని గోడ మూలనున్న సాలీడునే చూపించి ఒప్పించాల్సి వచ్చింది.

మొగుడు సిటీ బస్సు డ్రైవరు. నెమ్మదైన మనిషి. డ్యూటీ దిగి వచ్చి, వీళ్ళిద్దరి వాదనా వింటూ చెప్పులు విప్పుకునేవాడు. ఒకరోజు సరదాగా, "ఇన్నిటిని ఇన్ని గదుల్లో పెట్టావు, నన్ను ఏ వర్గంలో పెట్టావో చెప్పు," అన్నాడు.

కోడలు నోరు తెరిచేలోపు తల్లి అందుకుంది. "నా మాటకీ ఎదురు చెప్పవు, దాని మాటకీ ఎదురు చెప్పవు. వెన్నెముక లేనివాటిలో పడెయ్యవే వీణ్ణి."

ముగ్గురూ కడుపుబ్బా నవ్వారు. అతను నవ్వుతూనే, "బస్సు ఖాళీగా ఉంటే పరీక్ష రోజు నేనే దింపుతా. నిండుగా ఉన్నా దింపుతా," అన్నాడు.

పరీక్ష రోజు రానే వచ్చింది. బస్సు నిండుగానే ఉంది. లాబ్ బయట వరండాలో పిల్లలు గుంపుగా నిలబడి ఒకటే గోల. ఈసారి ఎక్స్‌టర్నల్ సముద్రం ఒడ్డునున్న కాలేజీ నుంచి వచ్చాడట. పెద్దాయన, తెల్లమీసం, చండశాసనుడట. వస్తూ వస్తూ తన సొంత పెట్టె ఒకటి తెచ్చుకున్నాడట. పెట్టెలో ఏముందో లాబ్ మేడంకి కూడా చూపించలేదట. ఇన్ని అటలు విన్నాక సీనియరమ్మ తన భూతద్దాన్ని ఇంకోసారి తుడిచి పెట్టుకుంది.

లోపల బల్లల మీద సీసాలు వరసగా ఉన్నాయి. టేపు చుట్టిన సీసా ఉంది, తుప్పు మూత సీసా ఉంది. పిల్లల మొహాలు విప్పారాయి. బెల్లు కొట్టగానే కలాలు గబగబా పరుగెత్తాయి. సీనియరమ్మ కలం మాత్రం నడుస్తోంది. ఆమె పద్ధతిలో ఉన్న చిక్కే అది. ప్రతి సీసాని పలకరించి, వెన్నెముక దగ్గర్నుంచి మొదలుపెట్టి, గది తర్వాత గది దాటుకుంటూ వెళ్ళేసరికి బెల్లు కొట్టేస్తున్నారు. ఒక చోట లక్షణాలన్నీ రాసి బొమ్మ గీయలేకపోయింది. ఇంకో చోట సగం వాక్యంలో జరగాల్సి వచ్చింది. పక్కన కిటికీ అమ్మాయి అప్పటికే రాయడం ముగించి గోళ్ళు చూసుకుంటోంది. టేపు సంగతి, తుప్పు మూత సంగతి సీనియరమ్మకీ తెలుసు. కళ్ళు అటు పోతుంటే బలవంతాన తిప్పుకుని భూతద్దంలోకి పెట్టింది. మార్కులు చేతివేళ్ళ సందుల్లోంచి జారిపోతున్నట్టు అనిపించింది. ఐదో తరగతి కిటికీ ఒకటి కళ్ళ ముందు కదిలింది. దాన్ని పక్కకి నెట్టి తర్వాతి సీసాకి జరిగింది.

ఆఖరి బల్ల మీద సీసా లేదు. పళ్ళెం ఉంది. పళ్ళెంలో పాత పడవ అడుగు నుంచి విరిచిన చెక్కముక్క, దాని నిండా గుత్తులుగా వేలాడుతూ ఏవో జీవులు. ఒక్కొక్కటీ బొటనవేలంత ఉంది. చెక్కకి అతుక్కుని మెత్తటి ముడతల కాడ, ఆ కాడ చివర తెల్లటి పలకలతో మూసుకున్న చిప్ప. పక్కన భూతద్దం, సన్నటి సూది పెట్టి ఉన్నాయి. గోడకి ఆనుకుని ఎక్స్‌టర్నల్ చేతులు కట్టుకుని నిలబడి చూస్తున్నాడు.

ఈ జీవి పుస్తకంలో ఎక్కడా కనిపించలేదు. అలమరలో లేదు. అంతవరకూ గుర్రాల్లా పరుగెత్తిన పిల్లలు ఈ బల్ల దగ్గర ఒక్క క్షణం తడబడి, చిప్ప కనిపించగానే ఊపిరి పీల్చుకుని, ఆల్చిప్ప, మొలస్కా వర్గం, నత్తల చుట్టం అని రాసేసి వెళ్ళిపోయారు. సూది ఎవరూ ముట్టుకోలేదు.

సీనియరమ్మ కూడా చిప్పే చూసింది ముందు. నత్తలూ ఆల్చిప్పలూ ఉండే గది తలుపు తెరిచి ఉన్నట్టే ఉంది. కలం కాగితం మీద పెట్టి కూడా ఆగిపోయింది. ఆమెలో మొండితనమేదో అడ్డుపడింది. సరే, వెన్నెముక లేదు. ఒళ్ళు మెత్తన. పైన చిప్ప. లోపల ఏముంది? సూది మొన పలకల సందులో పెట్టి, ఊపిరి బిగబట్టి, ఒకదాన్ని కాస్త విడదీసింది.

లోపల చుట్టలు చుట్టుకుని ఈకల్లాంటివి ఉన్నాయి. జంటలు జంటలుగా. భూతద్దం కంటికి ఆనించింది. ఈకలు కావవి. ప్రతి దానికీ మొదలు నుంచి చివరిదాకా చిన్న చిన్న కణుపులు, కణుపు కణుపుకీ వంపు, నూగు వెంట్రుకలు. కీళ్ళు. అవి కీళ్ళున్న కాళ్ళు.

నత్తకి కీళ్ళ కాళ్ళుండవు. ఆల్చిప్పకి ఉండవు. కీళ్ళ కాళ్ళున్నవన్నీ ఒకే గదిలో ఉంటాయి: రొయ్యలు, పీతలు, సాలీళ్ళు, చీమలు. కానీ అవి నడుస్తాయి, పాకుతాయి, ఎగురుతాయి. ఇది చెట్టుకి కాయలా చెక్కకి వేలాడుతోంది. ఎవరికి చెప్పినా నవ్వుతారు. ఇరవై ఏళ్ళ కిందటి హాలు నవ్వు చెవుల్లో మోగింది. అందరూ రాసిందే రాస్తే, తప్పయినా అందరితో పాటు తప్పు. ఒక్కతే వేరేది రాసి తప్పయితే, ఐదో తరగతి పోయినట్టే.

బెల్లుకి ఇంకెంతో సమయం లేదు. ఆమె పేరు రాయాల్సిన చోటు ఖాళీగా వదిలేసింది. దాని కింద ఇలా రాసింది: దీని పేరు నాకు తెలియదు. చిప్ప ఉన్నా ఇది నత్త జాతి కాదు. లోపల జంటలుగా కీళ్ళున్న కాళ్ళు ఉన్నాయి కాబట్టి ఇది ఆర్థ్రోపోడా వర్గానిది. ఒకచోట అతుక్కుని బతుకుతుంది కాబట్టి కాళ్ళని నడకకి కాక తిండి పట్టుకోవడానికి వాడుతుందనుకుంటాను. రొయ్యలకి, పీతలకి దగ్గరి చుట్టం.

బెల్లు కొట్టారు.

మౌఖిక పరీక్షకి ఒక్కొక్కరినీ లోపలికి పిలిచారు. ఆమె వంతు వచ్చేసరికి ఎక్స్‌టర్నల్ బల్ల వెనక కూర్చుని ఆమె కాగితాలే తిరగేస్తున్నాడు. పక్కన లాబ్ మేడం మొహంలో ఏ భావమూ కనిపించకుండా కూర్చుంది.

"రెండు చోట్ల పూర్తి చెయ్యలేదు," అన్నాడాయన.

"అవును సార్. టైము చాలలేదు."

"ఈ ఆఖరిదానికి పేరే రాయలేదు."

"తెలియదు సార్."

"పేరు తెలియకుండా వర్గం ఎలా తెలిసింది?"

"కాళ్ళకి కీళ్ళున్నాయి సార్."

"పైనున్న చిప్ప కనపడలేదా?"

"కనపడింది సార్. చిప్ప తాబేలుకీ ఉంటుంది. అంతమాత్రాన తాబేలు నత్తకి చుట్టం కాదు కదా."

మేడం చటుక్కున కిటికీ వైపు తిరిగింది. నవ్వు దాచుకోవడానికేమో. ఎక్స్‌టర్నల్ మాత్రం నవ్వలేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"చూడమ్మా, ఇవాళ ఈ లాబ్‌లో పరీక్ష రాసిన ప్రతి ఒక్కరూ మొలస్కా అని రాశారు. నేనూ మొలస్కానే అంటున్నాననుకో. కావాలంటే దిద్దుకోవచ్చు. కలం ఇదిగో."

సీనియరమ్మ కలం వైపు చూసింది. ఆయన చదువెంత, తన చదువెంత. దిద్దేస్తే ఏ గొడవా ఉండదు. కానీ భూతద్దంలో తన కళ్ళారా చూసిన ఆ కణుపులు చూడలేదని ఎలా రాయడం? రోజూ వంటింట్లో బఠానీల ముందు కూర్చుని తిన్న చీవాట్లన్నీ ఒక్కసారిగా వెన్ను తట్టాయి.

"దిద్దను సార్," అంది. గొంతు వణికింది గానీ మాట వణకలేదు. "నత్త జాతి అయితే ఆ కాళ్ళు దానికెందుకున్నాయో మీరు చెప్పాలి. లక్షణం కనిపిస్తుంటే, కాదనడానికి ఇంకో లక్షణం చూపించాలి సార్. అందరూ రాశారన్నది లక్షణం కాదు."

ఆమెకి తన మాటలు తనకే వినపడి, కొంప మునిగిందనుకుంది. ఇక ఫీజుల కౌంటరే.

ఎక్స్‌టర్నల్ నెమ్మదిగా లేచి నిలబడ్డాడు. ఆయన మీసం కింద నవ్వు అప్పుడు బయటపడింది.

"నేను ఈ చెక్కని ఎన్నో కాలేజీలకి మోసుకెళ్ళాను," అన్నాడు. "పేరు తప్పు రాసినవాళ్ళని చూశాను, ఊహించి రాసినవాళ్ళని చూశాను. పేరు తెలియదని రాసి, చోటు సరిగ్గా చూపించిన మనిషిని మాత్రం ఇప్పుడే చూస్తున్నాను. పాతకాలం పండితులు కూడా దీన్ని చాలాకాలం ఆల్చిప్పల పక్కనే కూర్చోబెట్టారమ్మా. ఇది పిల్లగా ఉన్నప్పుడు రొయ్యపిల్లలా ఈదుతుంది. పెద్దయ్యాక తలని పడవకి అంటించుకుని, తలకిందులుగా నిలబడి, కాళ్ళతో తిండిని నోట్లోకి తోసుకుంటూ బతికేస్తుంది. నువ్వు రాసిన ప్రతి అక్షరం నిజం."

సీనియరమ్మ ఆ కాగితం మీద పేరు లేని ఖాళీ వైపు చూసింది.

"ఏం చేస్తుంటావు?" అని అడిగాడాయన.

"పిల్లలకి చదువు చెబుతాను సార్."

"అయితే రా," అని పళ్ళెం ఎత్తి ఆమె చేతుల్లో పెట్టాడు. వరండాలో ఉన్న పిల్లలందర్నీ లోపలికి పిలిపించాడు. పరీక్ష అయిపోయిందని చెప్పాడు, ఇప్పుడు క్లాసని చెప్పాడు. తను పోయి వెనక బల్ల దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు. లాబ్ మేడం ఆయన పక్కనే నిలబడింది.

సీనియరమ్మ పళ్ళెం మధ్యబల్ల మీద పెట్టింది. ఒక్క నిమిషం ఏం చెయ్యాలో తోచలేదు. తర్వాత చేతులకి పని గుర్తొచ్చింది. సూది తీసుకుంది, భూతద్దం కిటికీ అమ్మాయి చేతికిచ్చింది.

"నేను చెప్పను, నువ్వే చూసి చెప్పు. లోపల ఏం కనపడుతోంది?"

"ఈకలండీ."

"ఇంకాస్త దగ్గరికి పెట్టి చూడు. ఒకే ముక్కలా ఉందా, అతుకులు అతుకులుగా ఉందా?"

అమ్మాయి చూసింది. నోరు వెళ్ళబెట్టింది. "కీళ్ళు," అంది. "అయ్యో, ఆల్చిప్ప అని రాసి చచ్చాను కదండీ." వెనకవాళ్ళు నవ్వారు. నవ్వుతూనే బల్ల చుట్టూ మూగారు, నాకో నాకో అంటూ భూతద్దం లాక్కున్నారు. సీనియరమ్మ ప్రశ్న వెనక ప్రశ్న వేస్తూ పోయింది. వాళ్ళు ఒక్కో గది మూసుకుంటూ వచ్చారు. ఎప్పుడూ సీసాల మూతలు చూసే కళ్ళు ఆ పూట చిప్పలోకి తొంగి చూశాయి. వెనక స్టూలు మీద పెద్దాయన మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాలేదు. ఆమె గొంతు ఎక్కడా తడబడలేదు. తనకి పరీక్ష జరుగుతోందన్న సంగతే ఆమె మర్చిపోయింది.

పిల్లలు వెళ్ళాక లాబ్ మేడం తెల్లకోటు తిరిగి తీసుకుంటూ, "రేపట్నుంచి మీరు ఈ లాబ్‌కి రావద్దు," అంది. సీనియరమ్మ మొహం పాలిపోయింది. "ఎందుకంటే ఇక్కడ మీకు ఇంక పనిలేదు. నేను ముందే చెప్పకూడదు, చెబుతున్నాను," అని ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

ఫలితాలు వచ్చిన రోజు మొగుడు ఆమె పాసైన సంగతి బస్సులో ఎక్కిన ప్రతి ప్రయాణికుడికీ చెప్పాడట. అత్తగారు చుట్టుపక్కల ఇళ్ళకి వెళ్ళి, తన కోడలు ఎక్స్‌టర్నల్‌తో వాదించి నెగ్గిందని, వాదించడం ఎక్కడ నేర్చుకుందో అడగమని చెప్పి వచ్చింది.

కొత్త విద్యా సంవత్సరం మొదలైన రోజు ఉదయం హెడ్‌మిస్ట్రెస్ స్టాఫ్ రూము గోడ మీద కొత్త టైంటేబుల్ అంటించింది. టీచర్లంతా దాని ముందు మూగి, తమ ఖాళీ పీరియడ్లు పోయినందుకు గొణుక్కుంటున్నారు. సీనియరమ్మ అందరూ పక్కకి జరిగేదాకా ఆగి, దగ్గరికి వెళ్ళింది. ఐదో తరగతి, సైన్సు. ఎదురుగా ఆమె పేరు, పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. వేలు పెట్టి తాకి చూసింది. అక్కడే, అందరి ముందూ, కళ్ళనీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా నిలబడింది. ఎవరో మంచినీళ్ళు ఇవ్వబోతే వద్దంది.

మొదటి గంట కొట్టారు. ఆమె మొహం కడుక్కుని, సుద్దముక్క తీసుకుని, ఐదో తరగతి గదిలోకి నడిచింది. ఆ రోజు ఆమె ఎవరి బదులూ వెళ్ళలేదు.